రాహేలును వెతుక్కుంటూ ఆళ్లగడ్డకు

నంద్యాల నుంచి తిరిగొచ్చాక మా తెనాలి చర్చిలో ఎదురైన ప్రతివాళ్లూ అడిగింది ఒకటే: "సీమలో అన్నాళ్లు ఉండొచ్చావు, భయం వెయ్యలేదా?" అని. వేసింది. వెయ్యకేం? బల్లి మీద పడితే ఆ గది తలుపు మళ్లీ తియ్యని మనిషిని నేను. కాకపోతే వాళ్లు సినిమాల్లో చూసి అనుకునే భయం వేరు, నాకు వేసిన భయం వేరు. కనపడినవాళ్లందరినీ నిలబెట్టి మొదట్నుంచీ చెప్పలేక ఇది రాస్తున్నాను.

వెళ్లింది ఒక కెన్యా అమ్మాయి కోసం. పేరు వంజిరు. నర్సు చదువు చదివి, నంద్యాల శివార్లలో ఉన్న ఒక క్రైస్తవ అనాథ పిల్లల ఇంట్లో కొన్నాళ్లు సేవ చెయ్యడానికి వచ్చింది. ఆమెకు తెలుగు రాదు, పిల్లలకు ఇంగ్లిషు రాదు. మధ్యలో మాట అందించడానికి ఒక ఆడమనిషి కావాలని మా పాస్టరుగారికి కబురొచ్చింది. ఇంగ్లిషు టీచరుగా రిటైరై ఖాళీగా కూర్చున్నది నేనే. "పంపండి, బొద్దింక కనపడితే మర్నాటికల్లా ఇంట్లో ఉంటుంది" అన్నారు మా ఆయన. ఆ మాటకి పౌరుషం వచ్చి బయల్దేరాను.

సొరంగం దాటాక

నల్లమల మధ్యలో రైలు సొరంగంలోకి పోయింది. పెట్టెలో దీపాలు వెలగలేదు. పరలోక ప్రార్థన మొదలుపెట్టాను, అది అయిపోయింది గానీ చీకటి అయిపోలేదు, మళ్లీ మొదలుపెట్టాను. వెలుతురొచ్చాక చూస్తే ఎదుటి సీటామె నా మొహంలోకే చూస్తోంది. గుంటూరు యార్డులో మిరపకాయలు అమ్ముకుని పాములపాడు తిరిగిపోతున్న రైతు దంపతులు వాళ్లు.

"యాడికి పోతాండారు మేడం?"

"నంద్యాలకండి. అనాథ పిల్లల ఇంట్లో పనికి."

"దుడ్లు ఎంతిస్తారు?"

"ఏమీ ఇవ్వరండి. దేవుడి పని."

ఆమె మొగుడి వైపు చూసింది, ఆయన కిటికీ వైపు చూశాడు. తర్వాత ఇద్దరికీ నా మీద జాలి కలిగినట్టుంది, మూట విప్పి జొన్న రొట్టెలో చెనిక్కాయల పొడి, అంటే మన వేరుశనగ పొడి, వేసి ఇచ్చారు. గట్టి రొట్టె, నా పళ్లకు పనిచెప్పింది. "బాగుందా?" అంటే బాగుందన్నాను, నిజంగానే బాగుంది. దిగేముందు ఆమె ఒక మాట చెప్పింది. "కొండ పక్క ఊర్లకు పొద్దు గుంకినాక పోబాకండి. చిరుతపులి తిరుగుతాంది." ఆ మాటను ఎవరికి చెప్పాలో దేవుడు సరిగ్గా చూసి చెప్పించాడు. నేను నంద్యాలలో దిగీదిగగానే కొండ ఎంత దూరమో అడిగాను.

నంద్యాల, పిల్లల ఇల్లు

ఆ ఇంట్లో తెల్లవారకముందే గంట కొడతారు. ప్రార్థన, బోరు దగ్గర స్నానాలు, తలలు దువ్వడం, ఒంటిపూట బడి. తలలు దువ్వే పని వంజిరుది. ఆమె తలనిండా సన్నసన్నటి జడలు. ఆడపిల్లలు వాటిని పట్టుకుని లెక్కపెట్టబోయి, మధ్యలో తప్పి, మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. 'వంజక్క' అని పేరు కూడా పెట్టేశారు. నన్ను మాత్రం 'మేడం' దాటనివ్వలేదు.

తిండి దగ్గర నాకు అవమానం జరిగింది. మొదటిరోజే రాగి సంగటి పెట్టారు. తెనాలి నోటికి అది దిగలేదు, నీళ్లు తాగి మింగాను. వంజిరు మాత్రం వేళ్లతో ముద్ద చేసి, మధ్యలో గుంట నొక్కి, కూరలో ముంచి లాగించేసింది. వాళ్ల దేశంలో ఇలాంటిదే మొక్కజొన్న పిండితో చేసి ఉగాలీ అంటారట. సముద్రం దాటి వచ్చిన పిల్ల ఇంట్లో ఉన్నట్టు తింటుంటే, రాష్ట్రం దాటకుండా వచ్చిన నేను పరాయిదాన్నయ్యాను. బజార్లో నలభై రూపాయలకు ఉగ్గాని, మిరపకాయ బజ్జి పెడతారు. బొరుగులు, అంటే మరమరాలు, నానబెట్టి తాలింపు వేసినదే ఉగ్గాని. నా ప్రాణాన్ని నిలబెట్టింది అదే.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పిల్ల గేటులోకి వచ్చిన రోజునే బైబిలు పేరు పెడతారు. ఇంటిని నడిపే పాస్టరమ్మ శాంతమ్మగారు నెమ్మదైన మనిషి, కారణం కూడా నెమ్మదిగానే చెప్పారు. "పాత పేరుతో పిలిస్తే పాత ఇల్లు గుర్తొచ్చి ఏడుస్తారమ్మా. కొత్త పేరైతే తొందరగా తేరుకుంటారు." నాకు సబబే అనిపించింది. నాకే చర్చిలో సారా, సర్టిఫికెట్లో కృష్ణవేణి. మనలో ఇది కొత్త కాదు. వంజిరు మాత్రం, "నాకూ చర్చి పేరు వేరే ఉంది. కానీ మా నాయనమ్మ నుంచి వచ్చిన వంజిరు పేరును ఎవరూ తీసెయ్యలేదు" అంది. ఆ మాటను శాంతమ్మగారికి తెలుగులో చెప్పలేదు నేను. వచ్చిన వారంలోనే తగువెందుకని ఊరుకున్నాను.

పిల్లల్లో రాహేలుకు ఏడేళ్లుంటాయి. తల్లీ తండ్రీ ఒకే మోటారుసైకిలు మీద పోతూ చనిపోయారు. అవ్వ తెచ్చి ఇక్కడ వదిలింది. ఎవరితోనూ మాట్లాడదు. నిద్రలో పళ్లు కొరుకుతుంది, వంటింట్లో చింతపండు దొంగిలిస్తుంది. రాత్రి వంజిరు జడ ఒకటి గుప్పిట్లో పట్టుకుంటేగానీ కళ్లు మూయదు. ఆ పిల్ల గురించి మాకు తెలిసింది ఇంతే. చాలా తెలుసనుకున్నాం.

మేనమామ

ఒక మంగళవారం శాంతమ్మగారు భర్తను డాక్టరుకు చూపించడానికి కర్నూలు వెళ్లారు. టిఫిన్లు అయ్యాక గేటు దగ్గర మోటారుసైకిలు ఆగింది. ముప్పై ఏళ్ల మనిషి, చేతిలో అరటిపళ్లు, కొత్త గౌను.

"రొంత మా పాపను పంపియ్యండి మేడం. నేను మేనమామని, బెంగుళూరులో సెంట్రింగు పని చేస్తాండా. ఈ పొద్దు మా ఊర్లో పెద్దమ్మ దేవర, జాతర. మా అక్క బతికున్నప్పుడు పాప వెంట్రుకలు ఇస్తానని మొక్కుకొనింది. నా వొళ్లో కూచోబెట్టుకొని తీపియ్యాల. మధ్యాన్నం బువ్వ యాలకు తెచ్చి ఇడుస్తా."

ఏ పాప అని అడిగేలోపే రాహేలు ఎక్కణ్ణుంచో పరిగెత్తుకొచ్చి బండి ట్యాంకు మీద ఎక్కి కూర్చుంది. నవ్వుతోంది. ఆ పిల్ల నవ్వగా చూడడం నాకదే మొదలు. శాంతమ్మగారికి ఫోను చేశాను, ఎత్తలేదు.

"ఈయన ఎవరో మనకు తెలుసా?" అంది వంజిరు.

"మేనమామ. మా దగ్గర మేనమామంటే తల్లి తర్వాత తల్లి."

"మా దగ్గరా మేనమామ మాటకు విలువుంది. అయినా అమ్మగారు ఫోను ఎత్తేదాకా ఆగుదాం."

"పిల్ల ఎగిరి గంతేస్తుంటే ఇంకేం ఆగుతాం?" అన్నాను. చచ్చిపోయిన తల్లి మొక్కు అంటుంటే, మన మతం కాదని అడ్డుపడడానికి నాకు నోరు రాలేదు. అతను నంబరిచ్చాడు. వంజిరు దాన్ని తన ఫోనులో 'అంకుల్' అని ఎక్కించుకుంది. పేరు అడగలేదు. మేనమామ అన్నాక ఇంక పేరెందుకు?

మధ్యాహ్నం బువ్వ వేళ వచ్చింది, పోయింది. నంబరుకు చేస్తే స్విచాఫ్. మళ్లీ చేశాం, మళ్లీ అదే. అప్పుడు శాంతమ్మగారే చేశారు. చెప్పాను.

"ఏ మేనమామ? ఆ పిల్ల తల్లికి తోడబుట్టినవాళ్లు లేరమ్మా. అవ్వ ఒక్కతే" అన్నారు.

మెట్టు మీద కూలబడ్డాను. శాంతమ్మగారు అవ్వ ఉండే ఊరి పేరు చెప్పారు, ఆళ్లగడ్డ అవతల కొండ పక్కన. తను వెంటనే బయల్దేరతానన్నారు, అవ్వ దగ్గర లేకపోతే పోలీసులకు చెబుదామన్నారు, ఫోను ఛార్జింగు అయిపోవస్తోందన్నారు. పిల్ల అసలు పేరు అడగాలని నాకు తోచలేదు, చెప్పాలని ఆమెకూ తోచలేదు. ఆ ఇంట్లో రాహేలంటే రాహేలే.

సిరివెళ్ల మీదుగా

పిల్లల్ని వంటావిడకు అప్పజెప్పి, ఎప్పుడూ ఆ ఇంటికి సామాన్లు తెచ్చే ఖాజా ఆటో ఎక్కాం. ఎండ మొహాన కొడుతోంది. రోడ్డుకు రెండువైపులా కోసేసిన పొలాలు, నల్లరేగడి నెర్రెలు విచ్చి ఉంది. ఎదురొచ్చే ప్రతి మోటారుసైకిలు మీదా పిల్ల ఉందేమోనని చూస్తున్నాను. ఆ మనిషి బెంగుళూరు అన్నాడు కదా. ఈపాటికి బస్సెక్కించేశాడేమో. ఆ కొత్త గౌను ఎందుకు తెచ్చినట్టు? నవ్వుతూ వెళ్లిన పిల్లను ఎవరైనా ఎందుకు అనుమానిస్తారు? ఇలా నా బుర్రే నన్ను తినేసింది. ప్రార్థన చేద్దామంటే 'ప్రభువా' దగ్గరే ఆగిపోయింది, తర్వాతి మాట రాలేదు.

"బయపడొద్దు మేడం" అన్నాడు ఖాజా వెనక్కి తిరక్కుండా. "ఈ మధ్య వాట్సాపులో పెడతాండారులే, పిల్లల్ని ఎత్తుకపొయ్యేటోళ్లు తిరుగుతాండారని. ఆడోళ్లు గూడా ఉండారంట. అవన్నీ నమ్మేది లే."

ఇది అతను ధైర్యం చెప్పడం. వంజిరు ఏమన్నాడని అడిగింది. దారి బాగుందంటున్నాడని చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

ఆళ్లగడ్డ

ఆళ్లగడ్డలో రోడ్డు పక్కనే రాళ్లు చెక్కేవాళ్ల షెడ్లుంటాయి. సగం తేలిన విగ్రహాలు వరసగా నిలబడి ఉంటాయి. కొన్నిటికి మొహాలింకా రాలేదు. మామూలు రోజైతే దిగి ముచ్చటగా చూసేదాన్ని. ఆ రోజు ఆ మొహాల్లేని రాళ్లను చూడలేక తల తిప్పుకున్నాను. ఊరి దారి అడగడానికి ఖాజా ఒక షెడ్డు ముందు ఆపాడు. తలంతా తెల్లటి రాతిపొడి నిండిన పెద్దాయన లేచొచ్చాడు.

"ఆ ఊరికా? ఈ పొద్దు ఆడ దేవర గదా. అమ్మవారిని నేనే చెక్కిచ్చినా" అని మా ఇద్దర్నీ, ముఖ్యంగా వంజిరును, పైనుంచి కిందిదాకా చూశాడు. "ఎవురింటికి పోతాండారు?"

ఎవరింటికో నాకేం తెలుసు?

"సూసి పోండమ్మా. కొత్త మనుసులు కాన్రాగానే జనం ఇప్పుడు ఒక తీరుగ ఉండారు" అన్నాడు. ఖాజా పక్క బండి దగ్గర ఇరవై రూపాయలకు నిమ్మకాయ సోడా ఇప్పించాడు. ఒక గుక్క తాగి అతనికే ఇచ్చేశాను.

కొండ పక్క ఊరు

ఆ ఊరి పేరు రాయను. పిల్ల చిన్నది, రేపు ఎవరైనా వెతుక్కుంటూ పోతారు. తప్పెట్ల మోత పొలాల్లోంచే వినబడింది. వీధుల నిండా వేపాకు, పసుపు, ఉడుకుతున్న మాంసం వాసన. కొండ అక్కడే ఉంది, ఇళ్ల వెనకాలే. మొదటి అంగడి ముందు ఆటో దిగి, "రాహేలు అనే పాప, ఏడేళ్లది, ఈ ఊరిదే. అవ్వ ఉంది. ఎక్కడండీ ఇల్లు?" అన్నాను.

అంగడామె అదేదో వింతమాట విన్నట్టు చూసింది. "రాహేలా? ఈడ కిరస్తానమోళ్లు ఒక్కిల్లు గూడా లే."

భుజాన తువ్వాలేసుకున్న ఒకాయన దగ్గరికొచ్చాడు. "వాళ్ల నాయన పేరేంది?"

"తెలియదండి."

"అవ్వ పేరు?"

"తెలియదు."

"మల్ల ఎవురు తెలుసు నీకు ఈ ఊర్లో?"

"మేనమామ. పొద్దున వచ్చి తీసుకెళ్లాడు."

"పేరేంది?"

వంజిరు ఫోను తీసి నంబరు చూపించింది. ఆయన కూడబలుక్కుని చదివాడు: అంకుల్. వెనక ఎవరో నవ్వారు. ఆ నవ్వు మంచి నవ్వు కాదు. ఫోటో చూపించమన్నారు. పిల్లల ఫోటోలు తియ్యకూడదని ఆ ఇంటి నియమం, మంచి నియమమే, మా దగ్గర ఒక్కటీ లేదు. చూస్తుండగానే ఆటో చుట్టూ జనం కమ్ముకున్నారు. తల్లులు పిల్లల్ని చంకనెత్తుకుంటున్నారు. ఒక కుర్రవాడు ఆటో తాళం లాగేసుకున్నాడు. అప్పుడర్థమైంది నాకు. పిల్లనెత్తుకుపోయినవాణ్ణి పట్టుకోవడానికి వచ్చిన మేమే వాళ్ల కళ్లకు పిల్లల్నెత్తుకుపోయేవాళ్లం.

"నా ఆటో నంద్యాలదే అన్నా, బండి నంబరు సూడు" అంటున్నాడు ఖాజా. అతని చొక్కా కాలరు ఎవరి చేతిలోనో ఉంది. శాంతమ్మగారికి ఫోను చేస్తే కలవలేదు.

పిల్ల నాకు తెలుసని రుజువు చెయ్యాలి. తెలిసిందంతా చెప్పేశాను. ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉందని, నిద్రలో పళ్లు కొరుకుతుందని, చింతపండు దొంగిలిస్తుందని. మా తెనాలి మాటతీరు వాళ్లకు ఇంకా పరాయిగా వినిపిస్తోంది.

"సూసినారా? అన్నీ కనుక్కొనే వచ్చినారు" అన్నాడు తువ్వాలాయన.

ఒకామె వంజిరు జడ పట్టి లాగి చూసింది. వంజిరు కదల్లేదు. రెండు అరచేతులూ అందరికీ కనపడేలా చాపి నిలబడింది. "వాళ్లూ మనలాగే భయపడుతున్నారు" అంది నాతో మెల్లగా. కావచ్చు. వాళ్లు వందమంది కలిసి భయపడుతున్నారు, మేం ముగ్గురం. నేను చచ్చిపోతానేమోనని నిజంగా అనుకున్నాను. చచ్చిపోతే పిల్ల సంగతి ఎవరు చూస్తారని కూడా అనుకున్నాను.

"చింతపండా? ఎవురప్పా చింతపండు అనింది?"

జనాన్ని మోచేతులతో తోసుకుంటూ ఒక ముసలామె వచ్చింది. కంటికి పొర. నా మొహం దగ్గరికి మొహం పెట్టి చూసింది. "చింతపండు దొంగతనంగ తినేది నా మనవరాలు. కనుబొమ్మ గాటు గూడా దానిదే. దానికి రాహేలు అని ఎవురు పెట్టినారు? దాని పేరు పెద్దక్క గదా. వాళ్ల జేజి పేరు, నాయనమ్మది."

"అవ్వా, వీళ్లను ఎప్పుడన్నా సూసినావా నువ్వు?" తువ్వాలాయన వదల్లేదు.

"లే. ఆ పాస్టరమ్మనే సూసినా."

"అట్లయితే పాపనే పిలిపియ్యండి."

పిల్లను తెచ్చారు. పొద్దుటి మనిషి భుజాల మీద కూర్చుని ఉంది, గుండు, గుండుకు గంధం, ఒంటిమీద కొత్త గౌను. ప్రాణం లేచొచ్చింది. వెంటనే మళ్లీ కిందికి జారింది, ఎందుకంటే అందరూ ఒకేసారి "వీళ్లెవురు పెద్దక్కా?" అని అడుగుతున్నారు, ఆ పిల్ల ఏమో నోరు విప్పని పిల్ల. జనాన్ని చూసింది. నన్ను చూసింది. మామ జుట్టు గట్టిగా పట్టుకుంది. నా వైపు నుంచి చూపు తిప్పేసుకుంటే ఇక నేనేం చెయ్యలేను.

"వంజక్క" అంది. "నాకు తల దువ్వుతాది." అని గుండు తడుముకుంది, మొహం చిన్నబోయింది. "ఇంగ దువ్వేదానికి లే."

అంగడామె నవ్వింది. ఈసారిది మంచి నవ్వు. ఖాజా కాలరు వదిలారు, తాళం చేతిలో పెట్టారు. నాకు ఏడుపాగలేదు, రోడ్డు మీదే కూర్చుని ఏడ్చాను. మామ వచ్చి కాళ్ల దగ్గర చతికిలబడ్డాడు. అతను పిల్ల తల్లికి సొంత తమ్ముడు కాదట, చిన్నమ్మ కొడుకు. ఫోను నీళ్ల గంగాళంలో పడిందట. "ఊరి సుట్టూ పొలి, అదే నెత్తురు కలిపిన బువ్వ, సల్లేదాకా ఎవురూ పొలిమేర దాటగూడదు మేడం. అది ఇంత ఆలస్యమైతాదని నేననుకోలే. నాకూ బయమే, మొక్కు తీరకపోతే పాపకు ఏమన్నా అయితాదని."

తినిపోవాలని పట్టుబట్టారు. అమ్మవారికి బలిచ్చిన ఆ కూర మేం తినకూడదు, ఎలా చెప్పాలో తెలియక నేను నీళ్లు నములుతుంటే అవ్వే సంగటి ముద్ద మీద చెనిక్కాయల ఊరిమిండి, అంటే పచ్చడి, వేసి తెచ్చింది. "మీకు ఆ కూర వద్దులే" అంది. ఆ సంగటి నాకు గొంతులో ఆగకుండా దిగింది. తర్వాత అవ్వ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "ఆడికి పోతావా, ఈడుంటావా?" అని అడిగింది. పిల్ల అవ్వ కళ్లలోని పొరను వేలితో తుడవబోయింది, అది పోలేదు. "పోతా. మల్ల తీసుకరా మామా" అంది.

తిరుగు దారి

పొలి చల్లడం అయ్యాక బయల్దేరాం. వెలుతురు ఇంకా కొంచెం ఉంది. పిల్ల మా ఇద్దరి మధ్యా కూర్చుంది. అప్పటిదాకా మాట్లాడని పిల్ల ఆ రోజు ఆగలేదు, ఊళ్లో నోరు తెరుచుకుంది కాబోలు.

"నీ పేరు పెద్దక్కని మాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

"మీరు అడగల్యా. పిల్లోళ్లందరికీ తెలుసు. మీరు లేనప్పుడు మేం అవే పిలుచుకుంటాం."

"ఏవి?"

"దెబోరా ఏమో సుంకులమ్మ. యెషయా ఓబులేసు. మీకాగాడు మద్దిలేటి. హన్నాది మౌనిక." ఒక్కొక్కటే చెబుతోంది. నేను వంజిరుకు చెబుతున్నాను, ఆమె పలికి చూసుకుంటోంది. ఎక్కడ మర్చిపోతానోనని నేను పెదాల మీదే వల్లె వేసుకుంటున్నాను. ఇంతమంది తలలు దువ్వి, అన్నాలు పెట్టి, దుప్పట్లు కప్పాం. రేపు వీళ్లలో ఒకరు కనపడకపోతే ఏ ఊరెళ్లి ఏమని అడిగేవాళ్లం?

"యోనా?" అంది వంజిరు. యోనా ఆ ఇంట్లో అందరికంటే చిన్నవాడు, ఇంకా సరిగా నడక రాలేదు.

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"వాణ్ణి బస్టాండులో ఇడిసిపోయినారంట. వానికి ఇంగో పేరు లే. ఒగటే." నా చెయ్యి పట్టి ఊపింది. "వాణ్ణి మాత్రం ఎవురికీ ఇయ్యాకండి మేడం. తప్పిపోతే వాణ్ణి వెతికేదానికి ఊరు గూడా లే."